ట్రయల్‌కు ముందు ఇంట్లోనే వింగ్స్

హోటల్ మేనేజ్‌మెంట్ పూర్తిచేసి కమీ ఉద్యోగాలకు వెళ్తున్నారా? చాలా కిచెన్లలో ఇంటర్వ్యూతో పాటు ఫుడ్ ట్రయల్ కూడా పెడతారు. సర్టిఫికెట్ గేటు దాటిస్తుంది, ఉద్యోగం తేలేది మాత్రం స్టవ్ దగ్గరే. సాధనకు స్టికీ చికెన్ వింగ్స్ మంచి ఐటమ్. ఖర్చు తక్కువ, తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతుంది.

చికెన్ షాపులో స్కిన్‌తో కావాలని ముందే చెప్పండి. మనవైపు స్కిన్ తీసేసి ఇవ్వడమే అలవాటు, అది లేకపోతే కరకర రాదు. అరకిలో వింగ్స్‌ను కీళ్ల దగ్గర కోసి, తడి లేకుండా అద్దండి. కొద్దిగా ఉప్పు, టీస్పూన్ బేకింగ్ పౌడర్ పట్టించండి. వంటసోడా కాదు సుమా, చేదెక్కుతుంది! ఓవెన్‌లో 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 నుంచి 45 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి తిప్పండి. ఓవెన్ లేదా? పౌడర్ మానేసి నూనెలో రెండుసార్లు వేయించండి.

చాలామంది తడబడేది గ్లేజ్ దగ్గర. రెండు చెంచాల సోయా సాస్, మూడు చెంచాల బెల్లం తురుము, చెంచా వెనిగర్, దంచిన వెల్లుల్లి, కారం కలిపి సన్నమంటపై మరిగించండి. గరిటె వెనక పూతలా అంటుకోగానే దింపేయండి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. ఇంకాసేపు ఉంచారో, పాకం ముదిరి రాయే! దీన్ని మొదట్లోనే పూయొద్దు, మాంసం ఉడికేలోపు తీపి మాడిపోతుంది. వింగ్స్ పూర్తిగా ఉడికాక, వేడిమీదే కలపండి.

ట్రయల్‌లో చెఫ్ చూసేది రుచి ఒక్కటే కాదు. పచ్చి చికెన్ కోసిన బోర్డు మీదే ఉల్లికాడలు తరిగితే అంతే సంగతులు. ముక్క లోపల 74 డిగ్రీలకు చేరాలని అడిగితే చెప్పగలగాలి. టేబుల్ ఎలా వదిలారో కూడా చూస్తారు. కాబట్టి ఇంట్లో సాధన చేసిన రోజు గిన్నెలు అమ్మకు వదిలేయకండి.