బల్బు డబ్బా మీద 6500 అంటే ఏంటి?

చదువుకునే టేబుల్‌కు ఏ లైటు మంచిది? పడుకునే ముందు ఏది వేసుకోవాలి? వీడియో ఇంటర్వ్యూకు కూర్చునేటప్పుడు ఏది ఆర్పాలి? వాట్లు మాత్రమే చూసి బల్బు కొనే అలవాటు మానుకుంటే జవాబులు తేలికే!

హాస్టళ్ల పక్కనుండే ఎలక్ట్రికల్ షాపుల్లో తరచూ వినిపించే మాట... ‘అన్నా, తొమ్మిది వాట్ల బల్బు ఇవ్వు, వైట్‌ది’. షాపతను ఇచ్చేస్తాడు. రూముకొచ్చి పెట్టుకుంటాం. గదంతా తెల్లగా కనిపిస్తుంది గానీ పుస్తకం మీద మాత్రం మన తల నీడే పడుతుంది. అర్ధరాత్రి దాకా చదివి లైటు తీసేసినా ఓ పట్టాన నిద్ర రాదు. మర్నాడు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మొహం ఒక పక్క పసుపుగా, ఇంకో పక్క నీలంగా కనిపిస్తుంది.

ఈ మూడూ వేర్వేరు ఇబ్బందుల్లా అనిపిస్తాయి. కానీ మూడింటిలోనూ లైటు ఎంపిక పాత్ర ఉంది. వెలుగు ఎంత ఉందనేది ఒక సంగతి, అది ఏ రంగులో ఉందనేది ఇంకో సంగతి. రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కు వస్తోంది. పోటీ పరీక్షలకు ప్రిపేరవుతూ రోజుకు ఏడెనిమిది గంటలు లైటు కిందే గడిపేవాళ్లు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

డబ్బా మీద నాలుగు అంకెలు

బల్బు డబ్బాను తిప్పి చూస్తే సాధారణంగా కనిపించేవి ఇవి.

వాట్: బల్బు ఎంత కరెంటు తీసుకుంటుందో చెబుతుంది. వెలుగు ఎంతో చెప్పదు.

ల్యూమెన్: బల్బు ఇచ్చే మొత్తం వెలుగు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సుమారు 700 నుంచి 800 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ అంతకు తగ్గకుండా ఇస్తోంది.

కెల్విన్: వెలుగు రంగు. దీన్నే కలర్ టెంపరేచర్ అంటారు. 2700 లేదా 3000 ఉంటే పసుపు ఛాయ (వార్మ్ వైట్), 4000 ఉంటే మధ్యస్థమైన తెలుపు (నేచురల్ వైట్), 6500 ఉంటే నీలి ఛాయ ఉన్న తెలుపు (కూల్ డేలైట్).

సీఆర్‌ఐ: ఆ వెలుగులో వస్తువుల అసలు రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే సూచిక. గరిష్ఠం 100. బట్టల షాపులో చీర నచ్చినా, ఓసారి వాకిట్లోకి తీసుకెళ్లి ఎండలో చూసి గానీ అమ్మ బిల్లు వేయించదు కదా! షాపు లైటు మీద ఆమెకున్న అనుమానమే సీఆర్‌ఐ. ఇంటికి 80కి తగ్గకుండా ఉంటే చాలు. అద్దం దగ్గర, కెమెరా ముందు 90 ఉంటే మేలు.

2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. బల్బు మారింది గానీ ‘ఎన్ని వాట్లు?’ అని అడిగే అలవాటు మారలేదు. అడగాల్సింది ‘ఎన్ని ల్యూమెన్లు? ఎన్ని కెల్విన్లు?’ అని.

కమ్మరి కొలిమిలో ఉంది లెక్క

రంగును ఉష్ణోగ్రతతో ఎందుకు చెబుతారు? కొలిమిలో ఇనుప కడ్డీ పెడితే మొదట ఎర్రబడుతుంది. ఇంకా కాలిస్తే నారింజ, ఆపైన పసుపు, చివరికి తెలుపు. అంతకంటే వేడిని తట్టుకునే వస్తువేదైనా ఉంటే నీలి ఛాయకు తిరుగుతుంది. ఏ వేడి దగ్గర ఏ రంగు వస్తుందో దాన్నే కొలమానంగా తీసుకున్నారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్, పాత బల్బు 2700, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, మబ్బు పట్టిన ఆకాశం 6500 చుట్టుపక్కల ఉంటాయి.

ఇక్కడో తమాషా ఉంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు రంగు నీలివైపు వెళుతుంది. కానీ మనం మాత్రం నీలాన్ని ‘కూల్’ అనీ, పసుపును ‘వార్మ్’ అనీ అంటాం. అందుకే చాలామంది తికమకపడతారు. పైగా 6500 అని రాసినంత మాత్రాన ఎల్‌ఈడీ లోపల అంత వేడి ఏమీ ఉండదు. అంత వేడెక్కిన వస్తువు ఇచ్చే వెలుగు రంగుతో ఇది సరిపోలుతుందని మాత్రమే అర్థం. ఫిలమెంట్ బల్బులో టంగ్‌స్టన్ తీగ నిజంగానే వేడెక్కి వెలుగుతుంది. టంగ్‌స్టన్ 3422 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది కాబట్టి ఆ తీగ సొంత వెలుగు 6500కు ఎప్పటికీ చేరదు.

తెల్లగా ఉంటే ఎక్కువ వెలుగు ఉన్నట్టా?

కాదు. ఒకే ల్యూమెన్లు ఉన్న పసుపు బల్బు, తెల్ల బల్బు పుస్తకం మీద వేసే వెలుగులో తేడా లేదు. పసుపు లైటు కింద అక్షరాలు ఆనకపోతే ముందు అనుమానించాల్సింది వెలుగు పరిమాణాన్నే, రంగును కాదు.

చిన్న లెక్క వేద్దాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న హాస్టల్ గది అంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. పైన 900 ల్యూమెన్ల బల్బు ఒకటే ఉంది. ఆ వెలుగంతా ఒక్క చుక్క వృథా కాకుండా గదిలో సమంగా పరుచుకుందనుకున్నా చదరపు మీటరుకు 97 ల్యూమెన్లు, అంటే 97 లక్స్ దాటదు. గోడలు, కప్పు కొంత వెలుగును మింగేస్తాయి కాబట్టి అసలు దక్కేది ఇంకా తక్కువే. చదవడానికీ రాయడానికీ టేబుల్ మీద సుమారు 300 లక్స్ ఉండాలనేది వాడుకలో ఉన్న ప్రమాణం. పైనున్న బల్బు రంగు ఎన్నిసార్లు మార్చినా ఈ లోటు తీరదు.

తీర్చే దారి టేబుల్ ల్యాంప్. బల్బు నుంచి నేరుగా పడే వెలుగు దూరం సగమైతే నాలుగు రెట్లు అవుతుంది. రెండు మీటర్ల ఎత్తులో ఉన్న లైటుకు బదులు అరమీటరు దూరంలో పెడితే పదహారు రెట్లు! అందుకే 4 లేదా 5 వాట్ల చిన్న ల్యాంప్ కూడా సరిపోతుంది. కుడిచేత్తో రాసేవాళ్లు ల్యాంప్‌ను ఎడమవైపు, ఎడమచేతి వాటం వాళ్లు కుడివైపు పెట్టుకుంటే చేతి నీడ కాగితం మీద పడదు. గది లైటు పూర్తిగా ఆర్పేసి ల్యాంప్ ఒక్కటే వేసుకోవద్దు. చుట్టూ చీకటి, ఎదురుగా మిరుమిట్లు ఉంటే కళ్లు త్వరగా అలసిపోతాయి.

టేబుల్‌కు రంగు ఏది? ఎక్కువమందికి 4000 కెల్విన్ హాయిగా ఉంటుంది. కాగితం తెల్లగా కనిపిస్తుంది, కళ్లకు గుచ్చుకోదు. పగటిపూట వెలుతురు రాని గదైతే 5000 నుంచి 6500 దాకా వాడుకున్నా ఇబ్బంది లేదు. అసలు ప్రశ్న రాత్రి గురించి.

రాత్రి పది దాటాక...

మన రెటీనాలో చూపుకు పనికొచ్చే కణాలతో పాటు, ‘ఇది పగలా, రాత్రా’ అని మెదడుకు కబురు పంపే కణాలూ ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం సుమారు 480 నానోమీటర్ల నీలి వెలుగుకు బాగా స్పందిస్తుంది. ఆ వెలుగు అందినంతసేపూ మెదడు పగలే అనుకుంటుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ విడుదల వెనకబడుతుంది. 6500 లైటులో 2700 లైటు కంటే నీలి భాగం చాలా ఎక్కువ.

కాబట్టి పడుకోవడానికి గంటన్నర, రెండు గంటల ముందే పైనున్న తెల్ల లైటు తీసేసి 2700 లేదా 3000 కెల్విన్ ల్యాంప్‌కు మారండి. ఆ సమయానికి కొత్త చాప్టర్లు పెట్టుకోకుండా రివిజన్ చేసుకుంటే తక్కువ వెలుగుతోనే పని నడుస్తుంది. అలాగని పసుపు లైటు వేసుకుని మంచం మీద గంటసేపు రీల్స్ చూస్తే లాభం లేదు. ఫోన్ తెర కూడా లైటే. ఇక పొద్దున్నే లేవగానే కిటికీ తెరిచో, డాబా ఎక్కో కాసేపు పగటి వెలుతురులో ఉండండి. శరీర గడియారాన్ని సరిచేయడానికి దానికి సాటి వచ్చే బల్బు లేదు.

ముగ్గురు నలుగురు ఉండే షేరింగ్ రూముల్లో ఇంకో సమస్య ఉంటుంది. ఒకరు చదువుతుంటే ఇంకొకరు పడుకోవాలి. రూమ్మేట్‌తో ‘ఇంకో అరగంట రా’ అని రోజూ బతిమాలే కన్నా వెలుగు కిందికే పడేలా మూత ఉన్న పసుపు ల్యాంప్ కొనుక్కోవడం మేలు. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే రంగు మారే ‘త్రీ ఇన్ వన్’ బల్బులూ దొరుకుతున్నాయి. సాయంత్రం తెలుపు, రాత్రి పసుపు... ఒక్క హోల్డర్‌తోనే సరిపోతుంది.

వీడియో ఇంటర్వ్యూకు ముందు

కెమెరా ఒకసారి ఒక రంగు వెలుగునే ‘తెలుపు’గా లెక్కిస్తుంది. ఒక పక్క పసుపు బల్బు, ఇంకో పక్క తెల్ల ట్యూబ్‌లైట్ ఉంటే ఏదో ఒక దాన్నే సరిచేయగలదు. రెండోది మొహం మీద మరకలా మిగిలిపోతుంది. ఈ జాగ్రత్తలు తీసుకోండి.

* పగలైతే కిటికీకి ఎదురుగా కూర్చోండి, లైట్లు ఆర్పేయండి. కిటికీ వెనకవైపు ఉంటే మొహం నల్లబడుతుంది.
* రాత్రయితే వెలిగే లైట్లన్నీ ఒకే కెల్విన్‌లో ఉండేలా చూసుకోండి. 4000 నుంచి 5000 అనుకూలం. వేరే రంగు బల్బును ఆర్పేయండి.
* లైటు ముందు నుంచి, కంటి ఎత్తుకు కాస్త పైన, కొంచెం పక్కగా ఉండాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు ఇంకాస్త పైకి జరిపితే అద్దాల మీద మెరుపు తగ్గుతుంది.
* ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే తెర వెలుగు మొహానికి నీలిరంగు పులుముతుంది. సగానికి తగ్గించండి.
* వీడియోలో అడ్డగీతలు కదులుతుంటే కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చి చూడండి. మన కరెంటు ఫ్రీక్వెన్సీ అదే.

ఇవన్నీ ముందురోజు అదే సమయానికి ఓసారి పరీక్షించుకోండి. పొద్దున బాగున్న చోటు సాయంత్రం బాగుండకపోవచ్చు.

రేపు ఫ్లాట్ తీసుకుంటే

ఉద్యోగం వచ్చి స్నేహితులతో కలిసి అద్దెకు దిగారనుకోండి. పడకగదికి 2700 నుంచి 3000. హాలుకు 3000 నుంచి 4000. కూరగాయలు తరిగే వంటగదికీ, గడ్డం గీసుకునే అద్దం దగ్గరకూ 4000. పని చేసుకునే టేబుల్‌కూ 4000. ఇంట్లో పూజ గదికి దీపం వెలుగుకు దగ్గరగా ఉండే 2700 బాగా అమరుతుంది. ఒకే గదిలో మూడు రంగులు కలపకుండా ఉంటే చాలు.

కొనేటప్పుడు డబ్బా మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు, బీఈఈ స్టార్ లేబుల్ చూడండి. ట్యూబ్‌లైట్ల మీద మూడంకెల కోడ్ ఉంటే అదీ తేలికే. 865 అంటే సీఆర్‌ఐ 80కి పైన, 6500 కెల్విన్. 840 అంటే 4000 కెల్విన్. వీలైతే షాపులోనే వెలిగించి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వెలుగు బాగా అదురుతూ కనిపిస్తే ఆ బల్బును చదువుకునే టేబుల్‌కు తీసుకోవద్దు.

పరీక్షలోనూ పనికొస్తుంది

ఎస్‌ఎస్‌సీ జూనియర్ ఇంజినీర్ ఎలక్ట్రికల్ సిలబస్‌లో ఇల్యూమినేషన్ ఒక అంశం. పైన చూసిన దూరం లెక్క అందులోని విలోమ వర్గ నియమమే. ఏడు ఎస్‌ఐ మూల ప్రమాణాల్లో రెండు, కెల్విన్, క్యాండెలా, ఈ పాఠంలోనే ఎదురవుతాయి. ‘డిగ్రీ కెల్విన్’ అని రాయకూడదు. 1967 నుంచి అది కెల్విన్ మాత్రమే.

భౌతికశాస్త్రం చదివినవాళ్లు వీన్ నియమంతోనూ సరిచూసుకోవచ్చు. 0.0029ను 6500తో భాగిస్తే సుమారు 446 నానోమీటర్లు, అంటే నీలం. 2700తో భాగిస్తే సుమారు 1074 నానోమీటర్లు, అంటే కంటికి కనిపించని పరారుణం. పాత బల్బు వెలుగు కంటే వేడి ఎక్కువ ఎందుకు ఇచ్చేదో ఈ ఒక్క భాగహారం చెబుతుంది. 2014లో భౌతికశాస్త్ర నోబెల్ నీలి ఎల్‌ఈడీని రూపొందించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురాలకు వచ్చింది. నీలి ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత పూసి తెల్ల వెలుగు తెప్పించడమే నేటి బల్బుల్లో ఎక్కువగా జరిగేది. ఆ పూత మారితే 2700, 6500 తేడా వస్తుంది.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ గదిలో ఉన్న బల్బు మీద అంకెలు చదివి, గది వైశాల్యంతో లెక్క కట్టండి. వెలుగు తక్కువైతే ల్యాంప్ కొనండి. వెలుగు సరిపోయి నిద్ర మాత్రమే ఆలస్యమవుతుంటే రంగు మార్చండి.