పందెపు డ్రోనులో విద్యుత్ లోపములు: కారణములు, పరీక్షలు

వైద్యుడు నాడి చూడకయే మందు వ్రాసినచో ఏమగునో, కారణము తెలియకయే యంత్రమునకు క్రొత్త భాగములు కొని బిగించినను అదియే అగును. డబ్బు పోవును; రోగము మిగులును. విద్యార్థులు పందెములకై స్వయముగా కూర్చుకొను చిన్న డ్రోనుల విషయములో ఈ మాట మరింత సత్యము. గాలిలో విద్యుత్తు ఆగిన డ్రోను రాయివలె క్రింద పడును. ఆ క్రింద మనుష్యులు ఉండవచ్చును. కావున లోపమును క్రమపద్ధతిలో కనుగొను విధమును సోదర విద్యార్థుల ముందు ఉంచ దలచితిమి.

ముందుగా విద్యుత్తు నడచు మార్గమును తెలిసికొందము. ఇట్టి డ్రోనులలో సాధారణముగా లిథియం పాలిమర్ బ్యాటరీని వాడుదురు. ఒక్కొక్క ఘటము యొక్క నామమాత్రపు వోల్టేజి 3.7, పూర్తిగా ఛార్జి అయినప్పుడు 4.2. ఆరు ఘటములను వరుసగా కలిపిన బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 25.2 వోల్టులు ఇచ్చును. అచ్చటి నుండి విద్యుత్తు రెండు దారులుగా చీలును. మొదటిది పెద్ద కాలువ వంటిది. అది వేగ నియంత్రకముల ద్వారా నాలుగు మోటార్లకు చేరును. రెండవది పిల్లకాలువ వంటిది. అది రెగ్యులేటరు ద్వారా 5 వోల్టులకు తగ్గి, డ్రోనుకు మెదడు వంటిదైన ఫ్లైట్ కంట్రోలరునకును, రేడియో రిసీవరునకును అందును. లోపము ఏ కాలువలో ఉన్నదో తేల్చుకొనుటయే పరిశోధనలో సగము పని.

పెద్ద కాలువను గురించి ఓమ్ సూత్రము మనకు చాల విషయములు చెప్పును. బ్యాటరీ అంతర్నిరోధము, తీగలు, కనెక్టరు అన్నియు కలిసి 25 మిల్లీఓములు అనుకొందము. వేగముగా లేచునపుడు మోటార్లు క్షణకాలము 100 ఆంపియర్లు తీసికొన్నచో, 2.5 వోల్టులు దారిలోనే పోవును. 250 వాట్ల శక్తి వేడిగా మారును. బ్యాటరీ పాతబడుట చేతనో, టంకము సరిగా అతుకకపోవుట చేతనో నిరోధము రెట్టింపైనచో నష్టము 5 వోల్టులకును, వేడి 500 వాట్లకును పెరుగును. నేలపై నిండుగా కనిపించు బ్యాటరీ గాలిలో నీరసించుటకు కారణమిదియే. విశ్రాంతిలో చూచిన వోల్టేజిని మాత్రమే నమ్మరాదు. భారము మోయునపుడు ఎంత పడిపోవుచున్నదో చూడవలెను. ఒక్కొక్క ఘటమునకు 3.5 వోల్టుల సమీపమునకు రాగానే డ్రోనును దింపుట మేలు. ఘటముల మధ్య వ్యత్యాసము అధికముగా ఉన్నను, బ్యాటరీ ఉబ్బినను దానిని మరల వాడరాదు.

ఇక పరీక్షల క్రమము. ఏ పరీక్షకైనను ముందు ప్రొపెల్లర్లను ఊడదీయవలెను. ఇది సలహా కాదు, నియమము. హఠాత్తుగా తిరిగిన రెక్క వ్రేళ్ళను కోయగలదు.

మొదటిది కంటి పరీక్ష. కాలిన వాసన, తెగిన తీగ, బోర్డుపై రాలిన టంకపు బిందువు కలవేమో చూడవలెను. డ్రోను చట్రము కార్బన్ ఫైబరుతో చేయబడినది; అది విద్యుద్వాహకము. తోలు ఊడిన తీగ చట్రమును తాకినచో షార్టు ఏర్పడును.

రెండవది మల్టీమీటరు పరీక్ష. బ్యాటరీని తగిలింపక, కనెక్టరు యొక్క రెండు కొనల మధ్య కంటిన్యుటీ చూడవలెను. క్షణకాలము కూసి ఆగినచో కెపాసిటరు నిండుచున్నదని అర్థము. ఆగక కూయుచున్నచో షార్టు కలదు; బ్యాటరీని తగిలింపరాదు.

మూడవది సిరీస్ బల్బు పరీక్ష. మన బజారులలో ఎలక్ట్రీషియన్లు బాగుచేసిన ఇస్త్రీపెట్టెను ఇట్లే పరీక్షింతురు. బ్యాటరీకిని డ్రోనుకును నడుమ కారులో వాడు 12 వోల్టుల బల్బును వరుసగా కలుపవలెను. ఆరు ఘటముల బ్యాటరీకి అట్టివి రెండు కావలెను. బల్బు ఒక్కసారి మెరసి ఆరినచో భయము లేదు. వెలుగుచునే ఉన్నచో షార్టు ఉన్నట్లే. బల్బు ఆ ప్రవాహమును అడ్డగించి పరికరములను కాపాడును.

నాల్గవది పిల్లకాలువ పరీక్ష. ఫ్లైట్ కంట్రోలరు కంప్యూటరు యొక్క యూ.ఎస్.బి. తీగతో పనిచేసి, బ్యాటరీతో పనిచేయనిచో, రెగ్యులేటరును అనుమానింపవలెను. దాని వద్ద 5 వోల్టులు వచ్చుచున్నవో లేదో కొలిచినచో సంగతి తేలును.

ఐదవది మోటారు పరీక్ష. ఒక మోటారు మాత్రమే తడబడుచున్నచో, దానిని బాగుగా నడచు మోటారుతో మార్చి కలుపవలెను. లోపము మోటారు వెంట వెళ్ళినచో తప్పు మోటారుది. ఉన్నచోటనే నిలిచినచో వేగ నియంత్రకముది. ఈ చిన్న ఉపాయము వలన అనవసరపు కొనుగోలు తప్పును.

కెపాసిటరును గూర్చి ఒక మాట. మోటార్ల వేగము హఠాత్తుగా తగ్గినపుడు విద్యుత్తు వెనుకకు పొంగి వోల్టేజి క్షణకాలము ఎగసిపడును. బ్యాటరీ తీగల మొదట అతికిన 1000 మైక్రోఫారడ్ల, 35 వోల్టుల కెపాసిటరు ఆ పొంగును మ్రింగును. డ్రోను కూలినపుడు దీని కాలు విరుగుట కలదు. అప్పుడు చిత్రములో గీతలు కనిపించును. క్రమముగా నియంత్రకములు కాలిపోవును. కావున పడిన ప్రతిసారియు దీనిని చూడవలెను. ధనము, ఋణము తారుమారు చేయరాదు.

చివరిగా కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము. లిథియం బ్యాటరీ అంటుకొన్నచో ఆర్పుట కష్టము. ప్రయోగశాలలో ఛార్జింగునకు రాతిబల్లయు, ప్రక్కన ఇసుక బక్కెట్టును ఏర్పాటు చేయించి, ఎవరును లేనపుడు ఛార్జి చేయరాదను నియమము విధింప ప్రార్థించుచున్నాము. వాడని బ్యాటరీలను ఘటమునకు 3.8 వోల్టుల వద్ద భద్రపరచుట విద్యార్థుల బాధ్యత. ఇందులకు అగు ఖర్చు స్వల్పము. తప్పు ప్రమాదము పెద్దది.

యంత్రము అబద్ధమాడదు. మనము సరియైన ప్రశ్నను సరియైన వరుసలో అడిగినచో, అది తన బాధను తానే చెప్పును.