పిల్లికి నీళ్లంటే భయమా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఏ కాలనీలో చూసినా ప్రహరీ గోడల మీద తిరిగే పిల్లులు కనిపిస్తాయి. వాన చినుకులు మొదలవగానే అవి ఏం చేస్తాయో ఎప్పుడైనా గమనించారా? మెట్ల కిందకో, ఆగి ఉన్న కారు కిందకో పరుగు తీస్తాయి. వాకిట్లో నీళ్లు నిలిస్తే చుట్టూ తిరిగి పోతాయే తప్ప అడుగు పెట్టవు. పొరపాటున కాలు తడిస్తే టపటపా విదిలిస్తాయి. అదే వానలో బర్రె హాయిగా నిలబడి ఉంటుంది. బాతు సంగతి చెప్పనే అక్కరలేదు. మరి పిల్లికెందుకు నీళ్లంటే ఇంత గిట్టదు?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. పిల్లికి ఈత రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నీళ్లలో పడిన పిల్లి నాలుగు కాళ్లూ ఆడిస్తూ ఒడ్డు చేరగలదు. ఈత రాక కాదు, తడవడం ఇష్టం లేకనే అది నీటికి దూరంగా ఉంటుంది.

బొచ్చులో ఉంది కిటుకు

ఒక పాత ఉన్ని గుడ్డను చేత్తో ఎత్తి చూడండి. తరువాత నీళ్లలో ముంచి మళ్లీ ఎత్తండి. ఎంత బరువెక్కిందో తెలుస్తుంది. పిల్లి బొచ్చు కూడా అంతే. దాని మెత్తని వెంట్రుకలు నీటిని పట్టి ఉంచుతాయి. ఒళ్లు బరువెక్కితే చురుగ్గా దూకడం, పరుగెత్తడం కష్టం.

ఇంకొక నష్టం కూడా ఉంది. పిల్లి శరీర ఉష్ణోగ్రత సుమారు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. పొడి వెంట్రుకల మధ్య నిలిచిన గాలి ఈ వేడిని బయటకు పోనీయదు. చలికాలంలో మనం కప్పుకొనే రగ్గు చేసే పని కూడా ఇదే. తడిస్తే ఆ గాలి ఉన్న చోట నీరు చేరుతుంది. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే తడిసిన పిల్లి వణుకుతుంది. బాతుకు తోక దగ్గర నూనె గ్రంథి ఉంది. ఆ నూనెను ఈకలకు పూసుకుంటుంది కనుక దానికి నీరు అంటదు. పిల్లికి ఆ సౌకర్యం లేదు.

పొడి నేలల వారసత్వం

ఇంటి పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి ప్రాంతాల్లో తిరిగిన అడవి పిల్లులని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. అక్కడ ఈదవలసిన అవసరం తక్కువ. తాగే నీరూ తక్కువే. ఎలుక శరీరంలో సుమారు మూడింట రెండు వంతులు నీరే కాబట్టి ఆహారంతోనే వాటికి చాలావరకు నీరు అందేది. వాటి మూత్రపిండాలు కూడా నీటిని పొదుపుగా వాడతాయి.

అయినా పిల్లి నీళ్లు తాగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. కుక్కలాగా నాలుకను గరిటెలా ముంచదు. నాలుక కొనను నీటి పైభాగానికి తాకించి, చప్పున వెనక్కి లాగుతుంది. దానితోపాటు సన్నని నీటి ధార పైకి లేస్తుంది. అది జారి కిందపడేలోగా నోరు మూస్తుంది! సెకనుకు సుమారు 4 సార్లు ఇలా చేస్తుందని అమెరికా శాస్త్రజ్ఞులు వేగవంతమైన కెమెరాలతో చిత్రించి 2010లో ప్రకటించారు.

నీటిని ప్రేమించే పిల్లి

పిల్లి జాతులన్నీ ఒకేలా ఉండవు. పులి ఎండవేళ నీటిగుంటలో దిగి సేదదీరుతుంది. సుందరవనాల్లో పాయలను ఈది దాటుతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవులున్నాయి. అక్కడ బావురుపిల్లి ఉంటుంది. నీటి పిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లి కంటే పెద్దది. దాని లోపలి పొర వెంట్రుకలు ఎంత దట్టమంటే నీరు చర్మాన్ని అంత సులభంగా తాకలేదు. కాలివేళ్ల మధ్య కొద్దిపాటి చర్మం ఉంటుంది. ఒడ్డున పొంచి ఉండి పంజాతో చేపను లాగుతుంది. అవసరమైతే నీటిలోకి దూకుతుంది. మడ అడవులు, చిత్తడి నేలలు తరిగిపోతే దీనికి నిలువ నీడ ఉండదు. అందుకే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని వేటాడడాన్ని నిషేధించింది.

మనం చేయవలసింది

2020 అక్టోబరులో కుండపోత వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. అలాంటప్పుడు ఎక్కడానికి గోడ దొరికితే పిల్లి తనను తాను కాపాడుకోగలదు. ఏ వానా లేకుండానే దాని ప్రాణం తీయగలది మూతలేని నీటి సంపు. ఎండాకాలంలో దాహంతో వంగి జారిపడితే కాసేపు ఈదుతుంది. కానీ నున్నని సిమెంటు గోడకు దాని గోళ్లు పట్టవు. అలసిపోయి మునిగిపోతుంది.

అటువంటప్పుడు మీరు సంపులోకి దిగకండి. పెద్దవాళ్లను పిలవండి. తాడు కట్టిన గోనెసంచిని వాళ్ల చేత లోపలికి జారవిడిపించండి. గోనెకు గోళ్లు పడతాయి కాబట్టి పిల్లి దాన్ని పట్టుకుంటుంది. ఆ తరువాత పొడి గుడ్డతో తుడిచి వెచ్చగా ఉంచాలి.

వేసవిలో నీడన ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కాబట్టి నీళ్లే మేలు. ఈ రోజే మీ ఇంటి సంపుకు మూత సరిగ్గా ఉందో లేదో చూడండి. ఆ మూత పిల్లినే కాదు, మీ చిన్న తమ్ముణ్ణీ చెల్లెల్నీ కూడా కాపాడుతుంది.