మా వంటింట్లో ప్రపంచ పటం

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి 2025 అక్టోబరులో బడిలో ఒక పని ఇచ్చారు. ఇంట్లో ఉన్న పది వస్తువులు ఏ దేశం నుంచి వచ్చాయో చూసి, ప్రపంచ పటం మీద గీతలు గీసి తీసుకురావాలి. తెలుగువాళ్ళ వంటింట్లో వస్తువులకు కొదవా! ఇద్దరం అలమర ముందు చతికిలబడ్డాం. సోనా మసూరి బియ్యం భారతదేశం, చింతపండు థాయిలాండ్, అరటిపళ్ళు గ్వాటెమాలా, జీడిపప్పు వియత్నాం. పేరుకు మైసూరు పప్పే గాని దాని పుట్టిల్లు కెనడా! ఫ్రీజరులోని రొయ్యలు మళ్ళీ భారతదేశం. అరగంటలో పటం నిండిపోయింది.

పని అయిపోయిందనుకున్నాను. కాని లేబులు సగం కథే చెబుతుంది. వియత్నాం జీడిపప్పునే తీసుకోండి. ఆ దేశం ఆఫ్రికా నుంచి, కంబోడియా నుంచి పచ్చి జీడిగింజలు భారీగా దిగుమతి చేసుకుని, వలిచి ఎగుమతి చేస్తుంది. కనుక ఆ గీత వియత్నాం దగ్గర మొదలు కాలేదు, అక్కడ మలుపు తిరిగింది, అంతే.

రెండో లోపం, గీతలన్నీ ఒకే లావున ఉండడం. దీనికి ఉపాయం ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ మినార్ ఏనాడో చూపించాడు. యూరప్‌కు వచ్చే పత్తి మీద 1866లో ఆయన వేసిన పటాల్లో సరుకు ఎంత ఎక్కువైతే గీత అంత లావు. 1858 పటంలో అమెరికా గీత ఏనుగు తొండమంత ఉంటుంది. అంతర్యుద్ధంలో దక్షిణాది రేవులు మూతపడ్డాక, 1864 నాటికి అది దారప్పోగులా సన్నబడి, ఇండియా గీత ఉబ్బింది. ఆ రోజుల్లో మన గుంటూరు వైపు పత్తి కూడా కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది.

అయితే పటం ఒక్క ఏడాది బొమ్మ. ఏళ్ళ తరబడి జరిగిన మార్పు కనిపించాలంటే గ్రాఫు కావాలి. 1786లో స్కాట్లండు వాడైన విలియం ప్లేఫేర్, ఇంగ్లండు దిగుమతులకు ఒక గీత, ఎగుమతులకు ఒక గీత గీశాడు. రెంటి మధ్య ఎడమే వాణిజ్యంలో మిగులో, లోటో. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపితే, ఇక్కడ మనం ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరాం కదా! ఆ నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. ఆ బియ్యం ఎగుమతికి నెలనెలా గ్రాఫు గీస్తే ఆ రెండు తేదీలు గుంటకు రెండు గట్లలా ఉంటాయి.

ఇక మా రొయ్యల గీత. భీమవరం దగ్గర మా అన్నయ్యకు రొయ్యల చెరువులున్నాయి. అమ్మాయి ఫోన్ చేసి, "మామయ్యా, నీ రొయ్యలు మా ఊరికే వస్తాయా?" అని అడిగింది.

"ఏ ఊరికి పోతాయో నాకేం తెలుసమ్మా! తల్లి రొయ్యలు మాత్రం మీ దేశం నుంచే వస్తాయి" అన్నాడు.

నిజమే. ఆ వనామీ రొయ్య పుట్టుక అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతించారు. తల్లి రొయ్యలు ఎక్కువగా హవాయి నుంచి విమానంలో చెన్నై చేరి, క్వారంటైన్ దాటి హేచరీలకు వెళతాయి. అక్కడి పిల్లలే చెరువుల్లో పెరిగి, మళ్ళీ ఓడలో ఇటు వస్తాయి. పటం మీద వెళ్ళే గీత వెంట్రుకంత, వచ్చే గీత తాడంత. కాని ఆ వెంట్రుక తెగితే తాడు లేదు! లావు చూసి విలువ కట్టకూడదని నాకప్పుడు తెలిసింది.

2025 ఆగస్టు 27 నుంచి చాలా భారతీయ సరుకుల మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచింది. "కొనేవాళ్ళు రేటు దించేశారు. మేత అప్పు అలాగే ఉంది. వచ్చే పంటకు ఒక చెరువులో పిల్ల వెయ్యను" అన్నాడు అన్నయ్య. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత పటంలో భీమవరం వెతికి చుక్క పెట్టి, గీతను అక్కడి నుంచి మళ్ళీ గీసింది.

మీ పిల్లలతోనూ ఇది చేయించండి. అమెరికా జనగణన శాఖ ఎగుమతి, దిగుమతుల లెక్కలను ఉచితంగా అందిస్తుంది. అంకెలు అక్కడ దొరుకుతాయి. గీత చివర ఎవరున్నారో మాత్రం ఇంటికి ఫోన్ చేసే తెలుసుకోవాలి.