టోటల్ లాస్ కారు అమ్మాలంటే: 75 శాతం లెక్క

ఆదోని, ఎమ్మిగనూరుల్లో పాత కారు బేరం కుదరాలంటే ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అని అడుగుతారు. ‘ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద కట్టిన బండా?’ అన్నది కూడా అడగాల్సిందే. బ్రిటన్‌లో 2017 నుంచి ఇలాంటి కార్లకు ఎస్, ఎన్ వంటి తరగతులున్నాయి. మన ఆర్‌సీ మీద అలాంటి ముద్రేదీ పడదు. అమ్మేవారు చెప్తేనే తెలియాలి.

గీత ఎక్కడ?

రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే అది టోటల్ లాస్. ఐడీవీ ఏటా తరుగుతుంది. కంపెనీ ధర 8 లక్షలున్న కారును ఉదాహరణగా తీసుకుందాం. పాలసీ మొదలైననాటి బండి వయసును బట్టి లెక్క ఇలా ఉంటుంది:

- 6 నెలలు దాటి ఏడాదిలోపు: తరుగు 15 శాతం, ఐడీవీ రూ.6,80,000, గీత రూ.5,10,000
- 2–3 ఏళ్లు: తరుగు 30 శాతం, ఐడీవీ రూ.5,60,000, గీత రూ.4,20,000
- 4–5 ఏళ్లు: తరుగు 50 శాతం, ఐడీవీ రూ.4,00,000, గీత రూ.3,00,000

రూ.3,20,000 బిల్లయ్యే దెబ్బ ఏడాదిలోపు బండికి మామూలు రిపేరు, నాలుగేళ్లు దాటిన బండికి టోటల్ లాస్. కాబట్టి ఆ పేరు వినగానే బెదరక్కర్లేదు. దెబ్బ తగిలినప్పుడు బండి వయసెంతో ముందు అడగాలి. కొత్త బండి టోటల్ లాస్ అయిందంటే గట్టి దెబ్బే తగిలి ఉంటుంది.

2,70,000 ఎక్కడ మిగిలింది?

పై లెక్కలో రెండేళ్లు దాటిన కారుకు షోరూమ్ వాళ్లు రూ.4,50,000 ఎస్టిమేట్ వేశారనుకుందాం. గీత దాటింది. తుక్కు విలువ రూ.1,60,000గా తేలి, బండిని ఓనరే ఉంచుకుంటే ఆ మొత్తం, తప్పనిసరి కోత రూ.1,000 పోను (ఇది 1500 సీసీ లోపు కార్లకు) చేతికి రూ.3,99,000 వస్తుంది. ఆ తుక్కును మరొకరు రూ.1,60,000కు కొని, బయటి గ్యారేజీలో రూ.1,80,000తో బాగుచేయిస్తే పడ్డ ఖర్చు రూ.3,40,000.

షోరూమ్ 4,50,000 అన్న పని 1,80,000కు ఎలా అయింది? పాత పార్టులు వేయడం, డోరు మార్చకుండా డెంటింగ్ చేయడం, కూలి తక్కువ కావడం న్యాయమైన ఆదా. పేలిన ఎయిర్‌బ్యాగులు మళ్లీ పెట్టకపోవడం, వంగిన ఛాసిస్‌ను పైపైన లాగి సరిచేయడం మాత్రం కొన్నవాడి ప్రాణం మీదికి తెచ్చే ఆదా. ఆ 2,70,000లో ఏది ఎంతో బిల్లులే చెప్పాలి.

దాస్తే లాభమెంత?

దెబ్బ తినని అలాంటి కారే రూ.5 లక్షలు పలుకుతుందనుకుంటే, ఉన్నది చెప్పి 4 లక్షలకు అమ్మినా రూ.60,000 మిగులుతుంది. దాచి 5 లక్షలకు అమ్మితే మరో లక్ష. కానీ కావాలని దాచిపెట్టడం 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం కిందికి వస్తుంది. బేరాన్ని రద్దు చేయించుకునే హక్కు కొన్నవారికి పుడుతుంది. అమ్మింది డీలరైతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు.

కొనేవారికి ఒక ఆనవాలు: క్లెయిమ్ లేకుంటే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఒకే ఓనర్ దగ్గర నాలుగైదేళ్లున్న బండి పాలసీలో అది సున్నా ఉంటే కారణం అడగండి. 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు వరద లాంటి వాటిలో మునిగిన బండికి బయట సొట్ట కూడా ఉండదు. సీటు బెల్టును చివరిదాకా లాగి, కార్పెట్ ఎత్తి బురద చార కోసం చూడాలి.

కాగితాల గడువులు

ఆర్‌సీ రద్దయిన బండిని తుక్కుగా తప్ప, రోడ్డు మీద తిప్పుకొనే కారుగా అమ్మకూడదు. తుక్కు కారు ఛాసిస్ నంబరు దొంగ బండికి ఎక్కించే ముఠాలు ఉన్నాయి. 2020లో లక్నో పోలీసులు ఒకదాన్ని పట్టుకున్నారు. ఆర్‌సీ బతికే ఉంటే ఫారం 29, 30లతో బదిలీ చేయించాలి. రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కేఏ 34 బళ్లారి, కేఏ 36 రాయచూరు బళ్లకు అక్కడి ఎన్‌వోసీ తప్పనిసరి. బదిలీ కాకముందే ప్రమాదం జరిగితే రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

టోటల్ లాస్ డబ్బు చెల్లించాక పాత పాలసీ ముగుస్తుంది. కొత్తది తీసుకోకుండా ట్రయల్‌కు తిప్పినా తొలిసారికి రూ.2,000 జరిమానా పడొచ్చు. అమ్మేటప్పుడు సర్వే రిపోర్టు, రిపేరు బిల్లులు, బాగుచేయించక ముందు తీసిన ఫోటోలు జత చేసి, ‘టోటల్ లాస్ అయిన బండి అని తెలిసే కొంటున్నాను’ అన్న వాక్యం ఒప్పందంలో రాయించి సంతకం తీసుకోండి.