అచ్చొచ్చిన ఎరుపు

1919. ఐర్లండ్ దక్షిణాన ఉన్న కార్క్ నగరం. స్వాతంత్ర్య పోరాటం రాజుకుంటున్న రోజులు. బ్రిటిష్ బలగాలు అక్కడి క్రీడా సంఘం కార్యాలయం మీద దాడి చేసి, కౌంటీ హర్లింగ్ జట్టు జెర్సీలు పట్టుకుపోయాయి. నీలం బట్ట, ఛాతీ మీద కాషాయంలో పెద్ద ‘సి’ అక్షరం. అవే అప్పటిదాకా కార్క్ రంగులు. జట్టుకేమో అఖిల ఐర్లండ్ పోటీలు ముందున్నాయి. ఊళ్లో ఫాదర్ ఓలియరీ పేరుతో మద్యపాన వ్యతిరేక సంఘం ఒకటి ఉండేది. దాని ఆటగాళ్ల ఎర్ర జెర్సీలు అరువు తెచ్చుకుని కార్క్ బరిలోకి దిగింది. ఫైనల్లో డబ్లిన్‌ను చిత్తుగా ఓడించింది. 1903 తర్వాత ఆ కౌంటీకి అదే మొదటి హర్లింగ్ టైటిల్. పదహారేళ్ల కరువు తీర్చిన రంగును ఎవరు వదులుకుంటారు? ఎరుపు వాళ్లకు అచ్చొచ్చింది. అరువు బట్ట కాస్తా సొంతమైపోయింది. నూరేళ్లు దాటినా కార్క్ అంటే ఎరుపే.

హర్లింగ్ అంటే చివర వెడల్పుగా ఉండే యాష్ చెట్టు కర్రతో, చిన్న తోలుబంతిని గాల్లోనే కొడుతూ పరుగెత్తే ఆట. చూసేవాళ్లకు రెప్ప వేసే తీరిక ఉండదు. బంతిని కాలితో తన్నుతూ, చేత్తో కూడా పట్టుకుని ఆడేది గేలిక్ ఫుట్‌బాల్. రెండింటిలోనూ గోల్‌పోస్టు ‘హెచ్’ ఆకారంలో ఉంటుంది. బంతి అడ్డకర్ర పైనుంచి వెళ్తే మామూలుగా ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. ఈ ఆటలను నడిపేది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, ఒక హోటల్లో కూడిన కొద్దిమంది దాన్ని మొదలుపెట్టారు. దాని ప్రధాన మైదానం డబ్లిన్‌లోని క్రోక్ పార్క్. 82,300 మంది పడతారు. అంతమంది ముందు ఆడే వాళ్లెవరికీ ఆడినందుకు జీతం లేదు. ఆదివారం ఫైనల్ ఆడిన బడిపంతులు సెలవులు కాగానే మళ్లీ పిల్లల ముందు నిలబడాల్సిందే.

రంగులకు అంత పట్టు ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. ఈ ఆటల్లో వేలం లేదు, ఆటగాళ్ల కొనుగోళ్లు లేవు. సాధారణంగా పుట్టిన పారిష్ క్లబ్బుకే ఆడతారు. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు. బాగా ఆడితే కౌంటీ జట్టులోకి పిలుపు వస్తుంది. మరో కౌంటీ నాలుగు డబ్బులు ఎక్కువిస్తుందని జెర్సీ మార్చేవాళ్లు ఉండరు. అందుకే గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు మైదానంలో ఉన్నది స్టార్ కాదు, పక్కింటివాళ్ల అబ్బాయి.

మొదట్లో కౌంటీ రంగులనేవే లేవు. ఆ ఏడాది కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ తరఫున, తన బట్టలతోనే ఆడేది. 1887 పోటీల హర్లింగ్ ఫైనల్ 1888 ఏప్రిల్ 1న బర్ పట్టణంలో జరిగినప్పుడు, టిప్పరరీ పేరిట ఆడింది థర్లెస్ క్లబ్బు, గాల్వే పేరిట ఆడింది మీలిక్ క్లబ్బు. కౌంటీకి ఒక రంగు స్థిరపడింది తర్వాత కాలంలోనే. కెర్రీకి ఆకుపచ్చ, బంగారు వన్నె. కిల్కెన్నీకి నలుపు, తేనెరంగు నిలువు చారలు. కిల్డేర్‌కు మల్లెపువ్వు లాంటి తెలుపు. మేయోకు ఆకుపచ్చ, ఎరుపు. ఈ మేయో 1951 తర్వాత ఫుట్‌బాల్‌లో 11 ఫైనల్స్ ఓడిపోయింది. అయినా ప్రతి వేసవిలోనూ అక్కడ ఇళ్ల మీద, కార్ల కిటికీలకు అవే రెండు రంగులు మళ్లీ ఎగురుతాయి. గెలిచిన కౌంటీల ఊరేగింపు కన్నా ఈ దృశ్యమే మనసును ఎక్కువ పట్టుకుంటుంది.

ఇంకో సంగతి. ఈ కౌంటీల గీతలు గీసింది ఐరిష్ ప్రజలు కాదు. పన్నులకు, కోర్టులకు, పాలనకు వీలుగా ఇంగ్లిష్ పాలకులు శతాబ్దాల పాటు ఒక్కొక్కటిగా గీసుకుంటూ వచ్చారు. 1606లో విక్లోతో ఆ పని ముగిసింది. పరాయివాళ్లు గీసిన ఆ సరిహద్దులను జనం తమవి చేసుకోవడంలో ఆటకు పెద్ద వాటా ఉంది. ఎంతగా అంటే, పాలకులు గీతలు చెరిపినా జెర్సీ చెరగలేదు. 1973లో ఉత్తర ఐర్లండ్‌లో కౌంటీ పాలన రద్దయింది. టైరోన్, ఫెర్మానా ఇప్పుడు పాలనా విభాగాలు కావు, జట్లుగా మాత్రం నిలిచే ఉన్నాయి. 1994లో డబ్లిన్ కౌంటీని మూడు ముక్కలు చేశారు. ఆ మూడు ముక్కల నుంచీ జనం వచ్చి క్రోక్ పార్క్‌లో హిల్ 16 అనే స్టాండ్‌ను లేతనీలంతో నింపేస్తారు.

రంగుకు రాజకీయం అంటిన చోట కథ మరింత లోతుగా ఉంటుంది. ఉత్తరాన ఆర్మా కౌంటీ జట్టుది నారింజ రంగు. ప్రొటెస్టెంట్ల ఆరెంజ్ ఆర్డర్ 1795లో పుట్టింది ఆ కౌంటీలోనే. నారింజ ఆ సంస్థ గుర్తు. గేలిక్ ఆటలాడేవాళ్లేమో దాదాపుగా అందరూ కాథలిక్కులే. 1926లో ఓమీత్ గ్రామంలోని డొమినికన్ సన్యాసినులు ఆర్మా జట్టుకు ఆ రంగు జెర్సీలు అల్లి ఇచ్చారని చెబుతారు. 2024 ఫుట్‌బాల్ ఫైనల్లో ఆర్మా ఒక్క పాయింటు తేడాతో గాల్వేను ఓడించినప్పుడు క్రోక్ పార్క్ నారింజ రంగులో ఊగిపోయింది. వీధి గోడల మీద ఒక వర్గానిదైన రంగు, మైదానంలో మరో వర్గం పిల్లల ఒంటి మీద వెలిగింది. ఆ నేల మీద ఇది చిన్న సంగతి కాదు.

కౌంటీ జెర్సీలు ఎక్కువగా కుట్టేది 1918లో డబ్లిన్‌లో మొదలైన ఓనీల్స్ కంపెనీ. చేతుల మీది మూడు చారలు మావేనంటూ అడిడాస్ కోర్టుకెక్కింది. 1983లో ఐర్లండ్ సుప్రీంకోర్టు ఓనీల్స్ పక్షానే తీర్పిచ్చింది.

అయితే ఈ రంగుల కథలన్నిటిలోకీ గుండె బరువెక్కించేది టిప్పరరీది. 1920 నవంబరు 21, ఆదివారం. ఆ ఉదయం స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారులను కాల్చి చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైన కాసేపటికి బ్రిటిష్ బలగాలు లోపలికి దూసుకొచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. పద్నాలుగు మంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మైదానంలో నేలకొరిగిన ఆటగాడు ఒక్కడే, టిప్పరరీ డిఫెండర్ మైకేల్ హోగన్. ఆ రోజు జట్టు వేసుకున్నది అతని సొంత క్లబ్బు గ్రేంజ్‌మోక్లర్ రంగులు, తెలుపు, ఆకుపచ్చ. ఇప్పుడక్కడ ఒక స్టాండ్‌కు అతని పేరే ఉంది.

సరిగ్గా నూరేళ్లకు, 2020 నవంబరు 21న, కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేని క్రోక్ పార్క్‌లో పద్నాలుగు దివిటీలు వెలిగించారు. మర్నాడు కార్క్ నగరంలో దక్షిణాది మన్‌స్టర్ ప్రాంతపు ఫుట్‌బాల్ ఫైనల్. టిప్పరరీ తన నీలం, బంగారు వన్నెను పక్కనపెట్టి, హోగన్ నాటి తెలుపు, ఆకుపచ్చ జెర్సీలతో వచ్చింది. ఎదురుగా ఎర్ర జెర్సీల కార్క్. టిప్పరరీ 17 పాయింట్లు, కార్క్ 14. టిప్పరరీ 1935 తర్వాత మన్‌స్టర్ ఫుట్‌బాల్ టైటిల్ గెలవడం అదే మొదలు. అదే రోజు ఉత్తరాన కావన్ కూడా తన ప్రాంతంలో గెలిచింది. అప్పటికే గెలిచి ఉన్న డబ్లిన్, మేయోలతో కలిపి సెమీఫైనల్‌కు చేరిన ఆ నాలుగు జట్లూ 1920లో తమ తమ ప్రాంతాల విజేతలుగా నిలిచిన ఆ నాలుగే.