పెట్ట గుడ్డు పెట్టలేకపోతే...

ఒక ఊళ్ళో ఒక ఇంటి అత్తాకోడళ్ళకు నాలుగు నాటు పెట్టలు ఉండేవి. గుడ్లు అమ్మిన డబ్బు ఆడవాళ్ళ చేతిలోనే ఉండేది. ఉప్పూ పప్పూ, పిల్లల పుస్తకాలూ ఆ డబ్బుతోనే కొనేవారు. నాలుగింటిలో నల్లపెట్ట బాగా గుడ్లు పెట్టేది. పిల్లలకు అదంటే ప్రాణం.

ఒకరోజు పొద్దున నల్లపెట్ట గంపలోకి వెళ్ళింది. కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. సాయంత్రం దాకా గుడ్డు పెట్టలేదు. గింజలు వేసినా ముట్టలేదు.

"అత్తా, పెట్ట అదోలా ఉంది. చూడు" అంది కోడలు.

"పొదుగుకు వచ్చింది లేవే. దాని మానాన దాన్ని వదిలెయ్" అంది అత్త.

మూడో రోజు పొద్దున పెట్ట గంపలోనే చచ్చిపోయి ఉంది. ఏదైనా తెగులేమోనని అందరూ భయపడ్డారు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించారు. డాక్టరు కోసి చూశాడు. లోపల పెద్ద గుడ్డు ఇరుక్కుని ఉంది.

"మొదటి రోజే తెచ్చి ఉంటే బతికేదేమోనమ్మా" అన్నాడు డాక్టరు.

ఈ కష్టం మన పెట్టలకూ రావచ్చు. దాన్ని ఎలా కనిపెట్టాలి? ఏం చెయ్యాలి? తెలుసుకుందాం.

గుడ్డు ఎలా తయారవుతుంది?

పెట్ట కడుపులో ముందు పచ్చసొన తయారవుతుంది. అది ఒక గొట్టంలోకి జారుతుంది. దారిలో దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. ఆ తర్వాత పెంకు పడుతుంది. సొన గొట్టంలోకి జారినప్పటి నుంచి గుడ్డు బయటికి వచ్చేదాకా ఒక రోజు పైనే పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు తయారీకే సరిపోతాయి.

పెంకు గట్టిపడటానికి కాల్షియం కావాలి. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిండిలో చాలకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. గుడ్డును బయటికి నెట్టే కండరాలకు కూడా కాల్షియమే బలం. అది తగ్గితే పెంకు పలచబడుతుంది. నెట్టే బలమూ తగ్గుతుంది. గుడ్డు దారిలోనే ఆగిపోతుంది.

ఇంకా కొన్ని కారణాలు ఉన్నాయి. గుడ్డు మరీ పెద్దదైనా, వంకరగా ఉన్నా ఇరుక్కుంటుంది. మొదటిసారి గుడ్డు పెట్టే పడుచు పెట్టలకు, ముసలి పెట్టలకు, బాగా కొవ్వు పట్టిన పెట్టలకు ఈ బాధ ఎక్కువ.

ఎలా గుర్తు పట్టాలి?

పెట్ట మాటిమాటికీ గంపలోకి వెళ్తుంది. ముక్కుతుంది. గుడ్డు రాదు. తోక కిందికి వాలుతుంది. ముక్కినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఆడుతుంది. ఒళ్ళు నిటారుగా పెట్టి, కాళ్ళు ఎడం చేసి నిలబడుతుంది. ఈకలు ఉబ్బించి మూల నక్కుతుంది. మేత ముట్టదు. రెట్ట సరిగా వెయ్యదు. ఎందుకంటే గుడ్డూ రెట్టా వచ్చే ద్వారం ఒక్కటే. గుడ్డు అడ్డుపడితే రెట్ట కూడా ఆగిపోతుంది.

పొదుగుకు వచ్చిన పెట్ట కూడా గంప వదలదు. ఈకలు ఉబ్బిస్తుంది. అందుకే పొరపాటు పడతాం. కానీ దాని దగ్గర చెయ్యి పెట్టి చూడండి. కోపంగా అరుస్తుంది. పొడవడానికి వస్తుంది. ముక్కదు. రోజుకు ఒకసారైనా లేచి, మేత తిని, పెద్ద రెట్ట వేసి వస్తుంది. గుడ్డు ఇరుక్కున్న పెట్టకు ఆ చురుకు ఉండదు. నీరసంగా ఉంటుంది.

ఇంకో మాట. నాటు పెట్ట కొన్ని గుడ్లు పెట్టి, కొన్నాళ్ళు ఆపుతుంది. అది జబ్బు కాదు. గుడ్డు రాక ముక్కుతూ, మేత మానేస్తేనే ప్రమాదం. ఒకేసారి చాలా కోళ్ళు మూలుగుతుంటే అది కొక్కెర తెగులు లాంటిది కావచ్చు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

ముందు పెట్టను మిగతా కోళ్ళ నుంచి వేరు చెయ్యండి. అది నిలబడలేకపోయినా, నోరు తెరిచి రొప్పుతున్నా ఇంట్లో ఏమీ చెయ్యకండి. తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

అంత నీరసం లేకపోతే ఇలా చెయ్యండి.

ఒక తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి. మోచెయ్యి ముంచి చూడండి. హాయిగా ఉండాలి. కాలకూడదు. పెట్టను రెండు చేతులతో మెల్లగా పట్టుకుని పొట్ట మునిగేలా కూర్చోబెట్టండి. తల, రెక్కలు పైనే ఉండాలి. 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి.

తర్వాత పొడిగుడ్డతో బాగా తుడవండి. తడి ఒంటితో వదిలితే చలికి ఇంకా నీరసిస్తుంది. ద్వారం చుట్టూ కొంచెం కొబ్బరి నూనె రాయండి.

గంపలో గడ్డి పరిచి, పెట్టను అందులో ఉంచండి. పైన గోనెపట్ట కప్పండి. గాలి ఆడేలా చూడండి. వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టవచ్చు. తాగడానికి మంచినీళ్ళు పెట్టండి. పిల్లలనూ కుక్కనూ దగ్గరికి రానివ్వకండి. వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం. ఈ మూడూ దానికి మందులే.

ఒకటి రెండు గంటలు చూడండి. గుడ్డు రాకపోతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డాక్టరు కాల్షియం మందు ఇస్తారు. అవసరమైతే గుడ్డును జాగ్రత్తగా తీస్తారు. పశువుల వైద్యం కోసం 1962 అనే ఫోను నంబరు ఉంది. దానికి ఫోను చేసి సలహా అడగండి. మందు ఇచ్చాక ఎన్ని రోజులు ఆ పెట్ట గుడ్లు తినకూడదో కూడా డాక్టరును అడగండి.

పెట్టను పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఏం చెయ్యకూడదు?

పొట్ట నొక్కకండి. లోపల గుడ్డు పగిలితే పెంకు కోసుకుంటుంది. సొన కుళ్ళి కడుపంతా చీము పడుతుంది. పుల్ల గానీ సూది గానీ పెట్టకండి. గుడ్డును లాగకండి. నోట్లో నూనె పొయ్యకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే పెట్ట చస్తుంది. తాంబూలం సున్నం నోట్లో పెట్టకండి. నోరు పుండవుతుంది. మనుషుల మందులు వెయ్యకండి.

ఎర్రటి కండ బయటికి వస్తే

బాగా ముక్కినప్పుడు ఒక్కోసారి లోపలి కండ ద్వారం లోంచి బయటికి వస్తుంది. ఎర్రగా, తడిగా కనిపిస్తుంది. ఎర్రరంగు చూస్తే మిగతా కోళ్ళు పొడుస్తాయి. పొడిచి పొడిచి చంపేస్తాయి కూడా. వెంటనే ఆ పెట్టను వేరే గంపలో పెట్టండి. కండ మీద మట్టి ఉంటే శుభ్రమైన నీళ్ళు పోసి కడగండి. ఎండిపోకుండా తడిగుడ్డ వెయ్యండి. కారం, పసుపు, బూడిద ఏమీ చల్లకండి. ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

రాకుండా ఏం చెయ్యాలి?

మనం పారేసే గుడ్డు పెంకులే దీనికి మంచి మందు. పెంకులు కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించండి. మెత్తగా నలిపి ఒక చిప్పలో పెట్టండి. కావలసినంత పెట్టే తింటుంది. ఆల్చిప్పల పొడి, నత్తగుల్లల పొడి కూడా మంచివే. ఒట్టి నూకలూ తవుడూ చాలవు. ఆకుకూరలు వెయ్యండి. పురుగూ పుట్రా ఏరుకు తిననివ్వండి. రోజూ ఎండలో తిరగనివ్వండి. ఎండ తగిలితే కాల్షియం ఒంటికి బాగా పడుతుంది.

వనరాజ లాంటి రకాలు నాటు పెట్టల కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. కాబట్టి వాటికి పెంకుల పొడి తప్పకుండా ఉండాలి.

ఎర్రపెట్ట బతికింది

నల్లపెట్ట పోయాక ఆ కోడలు ఒక పని చేసింది. గంప పైన గోడకు క్యాలెండరు తగిలించింది. ఏ పెట్ట గుడ్డు పెడితే ఆ తేదీ మీద దాని గుర్తు రాసేది. నల్లపెట్ట చచ్చిన ఏడాదికి ఎర్రపెట్ట అలాగే ముక్కసాగింది. కోడలు క్యాలెండరు చూసింది. నిన్న గుడ్డు లేదు. ఇవాళా లేదు. పొదుగు అనుకుని ఊరుకోలేదు. వేడినీళ్ళు పెట్టింది. గుడ్డు రాలేదు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు మందు ఇచ్చాడు. సాయంత్రానికి పలచటి పెంకుతో గుడ్డు వచ్చింది.

అత్త ఆ గుడ్డును చేతిలోకి తీసుకుని చూసింది.

"ఆరోజు నీ మాట విని ఉంటే నల్లపెట్ట కూడా ఉండేదే" అంది.

గుర్తుంచుకుందాం

ముక్కే పెట్టను ఆ రోజే చూడాలి.
వెచ్చగా, చీకటిగా, ఒంటరిగా ఉంచాలి.
నొక్కకూడదు. లాగకూడదు.
గుడ్డు రాకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.
గుడ్డు పెంకులు పారెయ్యకూడదు.

మీ పెట్ట నిన్న గుడ్డు పెట్టిందా? ఇవాళ పెట్టిందా? క్యాలెండరు మీద రాసి పెట్టండి.